గునపాల మంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. మూరెడు పొడవు, ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు. ఉక్కు కార్ఖానాలో పుట్టి, ఇరవై ఏళ్లు రైళ్ల కింద పడి ఉన్నాను. ఒళ్లు బీటలిచ్చాక కోసి అవతల పారేశారు. గ్యాంగ్‌మన్ దానియేలు మాత్రం నన్ను భుజానికెత్తుకుని వాళ్ల పేటకు తెచ్చాడు. బెజ్జం వేయించి, చర్చి ముందు దూలానికి ఇనుప తీగతో వేలాడదీశాడు. అప్పటినుంచి నేనే గంటను.

చర్చి పక్కన అప్పటి పాస్టరు గారు చేత్తో చూపించిన జాగాలో దానియేలు ఇల్లు వేసుకున్నాడు. కాగితం లేదు. ఆ రోజుల్లో అడిగినవాడూ లేడు. అతను పోయాక సుత్తి అతని భార్య దీవెనమ్మ చేతికి వచ్చింది. ఆరాధనకు మూడు విడతలు కొడుతుంది. ఆగి ఆగి కొడితే ఎవరో పోయినట్టు. ఆపకుండా కొడితే కొంప అంటుకున్నట్టు. పేటలో పాలు తాగే పిల్లలకు తప్ప ఈ లెక్క తెలియనివాళ్లు లేరు.

ఆ ఆదివారం పొద్దున సంఘపెద్ద జక్కరయ్య మేస్టారు నా కిందే పిల్లలకు పాఠం చెప్పాడు. విధవరాలి సరిహద్దు రాయి కదపకూడదనీ, కదిపితే దేవుడే ఆమె పక్షాన నిలబడతాడనీ మూడుసార్లు పలికించాడు. అబ్బ, ఏం గొంతనుకున్నారు! నాకే ఒళ్లు ఝల్లుమంది.

ఆరాధనలో పాస్టరు గారూ ఆ మాట మీదే ప్రసంగం చెప్పాడు. అది ముగిసి అందరూ అన్నాలకు వెళ్లగానే మేస్టారు అదే గొంతుతో దీవెనమ్మను పిలిచాడు.

"రేపు గునపాలోళ్లు వస్తారు, సామాను సర్దుకో. నీ ఇల్లు తీసేసి, మా నాన్నగారి పేరున హాలు కట్టిస్తున్నా. సంఘానికేగా!"

"నేనెక్కడికి పోను మేస్టారూ?"

"మీ అక్క కొడుకున్నాడుగా, ఆడి దగ్గరికి పో."

దీవెనమ్మ సుత్తి తీసుకుని ఆపకుండా బాదింది. అంత గట్టిగా ఆమె నన్నెప్పుడూ కొట్టలేదు. నేనూ గొంతు దాచుకోలేదు.

నలభై మంది నీళ్ల బిందెలతో పరుగెత్తుకొచ్చారు. కొందరి చేతులకు మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"ఎక్కడ? ఎవరి కొంప?"

"నా కొంపే. మంట కాదయ్యా, గునపాలు," అంది దీవెనమ్మ. సంగతంతా చెప్పి మేస్టారు వైపు తిరిగింది. "పొద్దున పిల్లల చేత పలికించారే, ఆ మాట నాకు కాదా?"

"అది పొలాల సంగతి. ఇది సంఘం స్థలం. కాగితం ఉందా నీ దగ్గర?"

అందరూ పాస్టరు గారి వైపు చూశారు. ఆయన కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "పెద్దాయనతో మనకెందుకులే" అని ఎవరో గొణిగారు. ఒక్కొక్కరే కదిలారు. తెచ్చిన నీళ్లు కూడా వెనక్కి పట్టుకుపోయారు. ఆ సిగ్గు వాళ్లకు లేకపోయినా నాకుంది.

పాస్టరమ్మ కెజియా మాత్రం తన బిందెను దీవెనమ్మ గడప ముందు దించి, అక్కడే కూర్చుంది.

"ఏమేవ్, పద," అన్నాడు భర్త.

"మీరు పదండి. ప్రసంగం మీరు చెప్పారు, నేను విన్నాను."

మర్నాడు గునపాలవాళ్లు వచ్చారు. ఆడవాళ్లిద్దరూ గడప మీంచి లేవలేదు. "పాస్టరమ్మ మీద గునపం ఎట్టా ఎత్తమంటారండీ?" అని వాళ్లు తిరిగి వెళ్లిపోయారు. జక్కరయ్య తలెత్తి నా వంక చూశాడు. "మైకుండగా ఈ ఇనుప ముక్కెందుకు?" అన్నాడు. ఆ మైకు గది తాళం ఆయన జేబులోనే ఉంటుంది. సాయంత్రానికి తీగ తెంచి నన్ను రిక్షాలో పడేశారు.

ఇప్పుడు పాత ఇనుప సామాను కొట్లో పడి ఉన్నాను. రిక్షా వీధి మలుపు తిరిగేటప్పటికి ఇల్లు నిలిచే ఉంది, గడప మీద ఆ ఇద్దరూ ఉన్నారు. తర్వాత ఏమైందో చెప్పేవాళ్లు లేరు. నన్ను తొలిచేస్తున్నది ఒక్కటే. ఆ రోజు నిజంగా నిప్పే అంటుకుని ఉంటే, ఆ నలభై మందీ కలిసి ఆర్పేసేవాళ్లు. జక్కరయ్య మేస్టారు కూడా ఒక బిందె అందుకునేవాడు.