అంటుకోనిది

స్నానాలగదిలో బరబర శబ్దం మొదలయ్యేసరికి ఆమె మెలకువగానే ఉంది. అక్క మెడ తోముకుంటోంది. ముందు పీచుతో, తర్వాత పాదాలు రుద్దుకునే రాయితో. మధ్యలో చెంబెడు నీళ్ళు గుమ్మరించుకున్న చప్పుడు, మళ్ళీ బరబర. ముప్పై ఏళ్ళకు పైగా ప్రతి ఉదయం ఇంతే. మెడ చుట్టూ వలయంలా ఉన్న నలుపు రవ్వంత కూడా తగ్గలేదు. పదిహేడో ఏట నలుగురి మధ్యా ఎవరో దాన్ని చూసి మురికి అన్నారు. అప్పటినుంచీ అక్క ఆ మాటనే తోముకుంటోంది.

శబ్దం ఆగేదాకా ఆమె మంచం దిగలేదు. రాత్రి దిండుకు అంటిన చిన్న నెత్తుటి మరక ఎండి గోధుమరంగుకు తిరిగింది. దవడ కింద ఎడమవైపు గడ్డ పైకి రాకుండా, లోపల చర్మంలోనే పాతుకుపోయి సలుపుతోంది. నెలసరికి వారం ముందు ఎప్పుడూ ఇదే వరస. వేలితో తడిమి చూసుకుంది. తడిమినప్పుడల్లా అది తన దవడ అనిపించదు. చిన్నప్పుడు నిద్రలో చెయ్యి చాపితే తగిలిన అక్క దవడే అనిపిస్తుంది.

తల్లి పోయేనాటికి ఆమెకు ఆరేళ్ళు, అక్కకు పందొమ్మిది. అక్క మిషను కుట్టి ఆమెను పెంచింది. అక్క రెండు చెంపల నిండా గుంటలు, గడ్డం మీద పట్టకారుతో పీకినా మళ్ళీ మొలిచే ముతక వెంట్రుకలు. గుడ్డలు తెచ్చేవాళ్ళతో గుమ్మానికి కట్టిన తెర వెనకనుంచే మాట్లాడుతుంది, గడప దాటదు. అందుకే ఆ వీధిలో అక్కను అందరూ తెరక్క అంటారు. తెరక్క కుట్టిన గౌను వేసుకోని పిల్ల ఆ వీధిలో లేదు. తెరక్క ముఖం సరిగ్గా చూసినవాళ్ళూ లేరు.

చెల్లెలి ముఖం ముప్పై ఏళ్ళ దాకా నున్నగానే ఉంది. ఆ తర్వాత ఒకరోజు గడ్డం మీద ఎర్రగా రెండు మొటిమలు లేచాయి. అక్క ఆమె గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పి చూసింది. మరుక్షణం నిప్పు తాకినట్టు చెయ్యి లాగేసుకుంది.

"నా నుంచే అంటుకుంది నీకు," అంది.

ఆ రోజునుంచి తువ్వాళ్ళు వేరు, సబ్బులు వేరు. గిన్నె కూడా చేతికి అందివ్వదు, బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటుంది. జ్వరం వచ్చినా నుదుటిమీద చెయ్యి వెయ్యలేదు. ఆరేళ్ళు గడిచిపోయాయి.

"అక్కా, ఇవాళ మధ్యాహ్నం చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నా. నువ్వూ రారాదూ?" బయల్దేరుతూ అడిగింది.

"నా మొహానికి డాక్టరా? నా మొహం!" అంది అక్క. అన్న మాటకు తనే నవ్వింది. నవ్వుకి ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. కుండలో గ్లాసు ముంచి గటగటా తాగింది. వెంటనే మరో గ్లాసు. ఈమధ్య నీళ్ళు ఎంత తాగినా అక్కకు దాహం తీరడం లేదు.

ఆసుపత్రి నేలమాళిగలో బట్టలుతికే గది ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆమె పని అక్కడే. వార్డులనుంచి నీలం సంచుల్లో దిగే దుప్పట్లను వేరుచేస్తుంది. నెత్తురు పడ్డవి చన్నీళ్ళలో నానెయ్యాలి. వేడినీళ్ళు తగిలితే మరక నారలోకి దిగి జన్మకు వదలదు. ఏ మరకకు ఏది విరుగుడో ఆమెకు కంఠతా వచ్చు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పైనుంచి కిందిదాకా అందరికీ ఆమె దుప్పట్లమ్మ.

"దుప్పట్లమ్మా, ఆ మూతిగుడ్డ తీసి కాస్త గాలి పీల్చు. ఆవిరికి ఉడికిపోతావు," అన్నాడు ఇస్త్రీ ఆయన, దుప్పటి రెండో కొస అందుకుంటూ.

"తీస్తే నువ్వు జడుసుకుంటావు అన్నయ్యా."

"పొద్దున్నే అద్దంలో నన్ను నేను చూసుకుని వస్తున్నా. ఇంక దేనికి జడుసుకుంటాను?"

ఇద్దరూ నవ్వి, దుప్పటిని విదిలించి, ఎదురెదురుగా నడిచి కొసలు కలిపారు. అతను అటు తిరగగానే ఆమె నవ్వు ఆగిపోయింది. ఆరబెట్టే యంత్రం ఉక్కు తలుపు మీద, ఆవిరి పొరలో, ఒక ముఖం పక్కకు తిరిగి కనిపించింది. అదే దవడ, అవే గుంటలు. ఎన్నిసార్లు చూసినా ముందు అక్క వచ్చి వెనక నిలబడిందనే అనుకుంటుంది. వెనక్కి తిరిగి చూస్తుంది కూడా. ఎవరూ ఉండరు. లోపల దుప్పట్లు మాత్రం బరబరమని తిరుగుతుంటాయి.

చర్మం డాక్టరమ్మ గది నాలుగో అంతస్తులో ఉంది. పద్నాలుగేళ్ళలో ఆమె ఆ అంతస్తుకు దుప్పట్ల బండి తోసుకుంటూ వెళ్ళింది కానీ, రోగిగా వెళ్ళలేదు. పోయిన వారం డాక్టరమ్మే తన తెల్లకోటు వెతుక్కుంటూ కిందికి దిగింది. ఆమె మాస్కు అంచున నెత్తురు చూసి, "మంగళవారం పన్నెండింటికి పైకి రండి," అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది.

మాస్కు తియ్యడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. దీపం దగ్గరికి జరిపి దవడ, గడ్డం, మెడ చూసింది.

"ఇన్నాళ్ళూ ఏం రాశారు?"

"నిమ్మరసం. పళ్ళపొడి. పక్కింటావిడ ఇచ్చిన ట్యూబు ఒకటి. రోజుకు ఐదారుసార్లు సబ్బుతో కడుగుతానండీ. గట్టిగానే తోముతాను."

"అవన్నీ ఇవాళ్టితో ఆపెయ్యండి. ఆ ట్యూబు మరీ ముఖ్యంగా. ఇది పైనున్న మురికి వల్ల వచ్చింది కాదమ్మా. ఆడవాళ్ళ ఒంట్లో కూడా మగ హార్మోను కొంచెం ఉంటుంది. కొందరిలో అది ఎక్కువవుతుంది, కొందరి చర్మం ఉన్నదానికే ఎక్కువ స్పందిస్తుంది. చర్మం కింద నూనె ఊరి, దారి మూసుకుపోయి ఇలా గడ్డలు కడతాయి. ముప్పై దాటాక మొదలయ్యేవాళ్ళు బోలెడుమంది."

ఆమె తల దించుకుని వింది. మెత్తటి సబ్బుతో రోజుకు రెండుసార్లు చాలు. పడుకునేముందు ముఖమంతటికీ కలిపి బఠానీ గింజంత క్రీము. రక్తపరీక్షలు చూశాక ఒక మాత్ర. అది బీపీకి కూడా వాడేదే. ఇక్కడ ఆ హార్మోను జోరు తగ్గించడానికి. కడుపుతో ఉంటే మాత్రం వాడకూడదు.

"మూడు నెలలదాకా పెద్దగా తేడా కనపడకపోవచ్చు. విసుగొచ్చి మానెయ్యొద్దు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అక్కకండీ." ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "తన నుంచే నాకు అంటుకుందంటుంది. తువ్వాలు కూడా ముట్టనివ్వదు."

"అంటుకునేది కాదు. ఒకే తువ్వాలు వాడినా, ఒకే దిండు మీద పడుకున్నా రాదు. ఒకే కుటుంబంలో కొందరికి ఈ తత్వం ఉంటుంది, అంతే. మీ అక్కకు నెలసరి సరిగ్గా వచ్చేదా?"

"ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. ఎప్పుడూ అంతే."

"గడ్డం మీద వెంట్రుకలు? మెడ చుట్టూ నలుపు?"

"ఉన్నాయండీ."

"ఆయాసం? దాహం?"

ఆమె తలూపింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"రేపు పొద్దున్నే తీసుకురండి. మొటిమల కోసం కాదు. షుగరు, బీపీ, గుండె, అన్నీ చూడాలి. ఆ నలుపు కూడా మురికి కాదు, లోపల ఏదో సరిగ్గా లేదని ఒళ్ళు చెప్పే కబురు."

మెట్ల మలుపులో నిలబడి ఆమె ఇంటికి ఫోన్ చేసింది. మాస్కు జేబులోనే ఉండిపోయిన సంగతి గమనించలేదు.

"అక్కా, అంటుకునేది కాదట."

అవతలనుంచి మిషను చప్పుడు ఆగింది.

"ఏంటే?"

"నీ నుంచి నాకు రాలేదట. మురికి కూడా కాదట అక్కా. నీ మెడ మీదిది కూడా."

అవతల కుర్చీ వెనక్కి జరిగింది.

"నిజంగా అలాగే అందా?" అంది అక్క. "నువ్వేమైనా కల్పించి చెప్తున్నావా?"

"నీ మీద ఒట్టు."

"మళ్ళీ చెప్పు."

చెప్పింది. అక్క ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినిపించింది.

"రేపు నిన్ను తీసుకురమ్మంది. పదింటికల్లా ఇక్కడ ఉండాలి. వస్తావా?"

"చూద్దాంలే. పని చూసుకో, ఫోన్ పెట్టెయ్." పెట్టబోతూ మళ్ళీ అంది: "ఆరేళ్ళు వృథా అయిపోయాయి కదే."

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. వీధి గుమ్మానికి ఇంకా ఎండ ఉంది. మిషను మీది దీపం మాత్రం వెలుగుతోంది. అక్క కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఒక చెయ్యి ఒళ్ళో, ఇంకో చెయ్యి పక్కకు వేలాడుతూ. నిద్రపోతోందనుకుని ఆమె సంచీ చప్పుడు కాకుండా దించింది. తర్వాత దగ్గరికి వెళ్ళింది. పిలిచింది. భుజం పట్టుకుంది. అక్క భుజం ఆమె చేతికింద చల్లగా ఉంది.

పక్కింటి పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. వీధి చివరి డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయి రెండు మూడు గంటలై ఉంటుందన్నాడు. బాధపడి ఉండదని కూడా అన్నాడు. అది అందరికీ చెప్పే మాటే. ఆమె తల ఊపింది.

వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చారు. వాళ్ళు తెరక్క ముఖం అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. ఒకావిడ ముఖం కడగడానికి నీళ్ళూ గుడ్డా పట్టుకొచ్చింది.

"నేను కడుగుతాను," అంది ఆమె.

గుడ్డ పక్కన పెట్టేసింది. అరచేతిలో నీళ్ళు తీసుకుని, అక్క నుదుటి మీద, గుంటల చెంపల మీద, గడ్డం మీద, చివరికి మెడ చుట్టూ మెల్లగా రాసింది. ఎక్కడా రుద్దలేదు. అయ్యాక వంగి తన దవడను అక్క దవడకు ఆనించి అలాగే ఉండిపోయింది. లోపలి గడ్డ సలిపింది. పెద్దావిడ ఆమెను లేపబోయి, ఎందుకో ఆగిపోయింది.

చీకటి పడబోతుండగా ఆడవాళ్ళు తమ ఇళ్ళలో దీపాలు వేసి వస్తామని ఒక్కొక్కరే లేచారు. గుమ్మం బయట విడిచిన చెప్పులు వెతుక్కుని వేసుకుపోయారు. తలుపు వెయ్యబోతూ చూస్తే ఒక జత మిగిలిపోయింది. ఎవరో మరిచిపోయి వెళ్ళారనుకుని పిలవబోయింది. వంగి చూసింది.

అక్క పాత తోలుచెప్పులు. ఎన్నో ఏళ్ళుగా అటక మీద పడి ఉన్నవి. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఊడిన పట్టీకి కొత్త నల్లదారంతో నాలుగు కుట్లు వేసి, వేళ్ళు వీధివైపు ఉండేలా పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.