మా అత్త చూసిపెట్టిన ఇల్లు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మైపాడులో అందరికీ తెలుసు. ఆపరేషన్ థియేటర్లో మాత్రం ఆ కోపం ఎవరూ చూసి ఉండరు. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదేళ్లుగా థియేటర్ నర్సును నేను. డాక్టరు చెయ్యి చాపేలోపే ఆయనకు కావలసిన కత్తెర నా చేతిలో ఉంటుంది. ఆ పనంటే నాకు ప్రాణం. అట్లాంటిది, మూడు నెలల్లో ఆరుసార్లు ఆలస్యమైందని పెద్ద నర్సు నన్ను పిలిపించింది. "ఏడుకల్లా రాగలిగితే థియేటర్లో ఉండు రోజా. లేదంటే వార్డుకు మార్చేస్తా. రెండు నెలలు చూస్తా" అన్నది.

ఆమెను అనడానికేముంది? మైపాడు నుంచి నెల్లూరు పాతిక కిలోమీటర్లు. తెల్లారకముందే ఆటో ఎక్కినా అది నిండేదాకా కదలదు, నిండాక ఊరూరా ఆగుతుంది. బ్యాంకు లోను ఎట్లాగూ మంజూరయింది కాబట్టి, ఆసుపత్రికి అరగంటలో చేరేచోట ఇల్లు కొనేద్దామని తీర్మానించాను. మా ఆయన మధుబాబు పడవ మీద వేటకు పోతాడు, ఒడ్డున ఉన్నప్పుడు నిద్రపోతాడు. "నువ్వూ అమ్మా చూసుకోండి. నేను బండేసుకొని రేవుకు పోతాలే. పడుకోను చోటుంటే చాలు" అన్నాడు. ఇల్లు కట్టి చూడమన్న పెద్దమనిషి కూడా మా ఆయనలాగా పడుకుని చెప్పి ఉంటాడు. ఇల్లు వెతకడం ఎంత కష్టమో వాళ్లకేం తెలుసు.

అందుకని నేనూ మా అత్త కామమ్మా బయలుదేరాం. మా అత్తకు అరవై దాటాయి. పొద్దున్నే ఒడ్డున వేలం పాటలో చేపలు కొని, మిగతా ఆడవాళ్లతో కలిసి ఆటోలో టౌనుకూ ఆ చుట్టుపక్కలకూ తెచ్చి, గంప నెత్తిన పెట్టుకొని వీధివీధీ తిరిగి అమ్ముతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నిజం చెప్పాలంటే, ఇళ్ల గురించి ఆమెకు తెలిసినంత ఏ బ్రోకరుకూ తెలియదు. బ్రోకరు వీధి గుమ్మంలోంచి ఇల్లు చూపిస్తాడు. ఈమె అన్ని ఇళ్లనూ పెరటి గుమ్మంలో కూర్చుని చూసింది.

మొదట బైపాసు అవతల కొత్తగా వేసిన లేఅవుట్‌కి వెళ్లాం. పెద్ద ఆర్చి, సిమెంటు రోడ్లు, గులాబీ రంగు గోడలు. చూడగానే మనసు పారేసుకున్నాను. మా అత్త మాత్రం గోడలు తట్టి చూసి, కుళాయి నీళ్లు ఒక సీసాలో పట్టుకుంది. ఇళ్లు చూపించే మాల్యాద్రి నవ్వుతూ, "మీ ఇంట్లోవాళ్లు ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా అత్త, "నేను చేపలమ్ముతాను నాయనా. మావాడు వేటకు పోతాడు" అనేసింది.

మాల్యాద్రి మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆ ఇంటికి నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయారని, తను మర్చిపోయానని చెప్పాడు. పక్క ఇల్లూ అంతేనట, దాని పక్కదీ అంతేనట. నిన్న ఒక్కరోజే ఊరంతా వచ్చి కొనుక్కున్నట్టుంది.

బస్సులో నేను ఊరుకోలేదు. మాల్యాద్రి మీద చూపించాల్సిన కోపం మా అత్త మీద చూపించాను. "నోరు మూసుకోని ఉండలేవా అత్తా? థియేటర్లోంచి నన్ను తీసేస్తే నువ్వొచ్చి మళ్లీ ఆ పని ఇప్పిస్తావా?" అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికి పోయాక ఆ సీసా నీళ్లతో గుప్పెడు కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. గంట ఉడికినా పప్పు గులకరాళ్లలాగే ఉంది.

"చూడు, ఉప్పునీళ్లు. పోతే పోయింది లేమ్మా" అన్నది.

ఆమె మాట నిజమే, అయినా నా కోపం దిగలేదు. "ఇంకెవరన్నా అడిగితే నువ్వు ఇంట్లోనే ఉంటావని చెప్తా. నువ్వు మాట్లాడబాక" అన్నాను.

"సరే" అన్నది మా అత్త.

తర్వాతి వారం ఇంకో రెండు ఇళ్లు చూశాం. ఒకదాంట్లో సున్నం కింద వరద నీళ్ల చారను ఆమె కనిపెట్టింది. ఇంకోటి నాకే నచ్చలేదు. అప్పుడు మా అత్త, "కోవూరులో ఒక ఇల్లుండాదంట. పోయి చూద్దాం రా" అన్నది.

పెన్న వంతెన దాటితే ఆసుపత్రికి ఇరవై నిమిషాలు. ఆ రోజు మా అత్త తలంటుకుని, మడత నలగని నేత చీర కట్టుకుంది. ఇల్లు పాతదే గానీ గట్టిది. మూడు గదులు, గాలి ధారాళంగా వచ్చే వరండా, పెరట్లో నిమ్మచెట్టు. ఇంటావిడ ఆదిశేషమ్మ, డెబ్బై ఏళ్లుంటాయి, ఇల్లమ్మి గూడూరులో చెల్లెలి దగ్గర ఉండబోతోంది. ఆమె తలుపు తీసి మా అత్తను చూసి ఏదో అనబోయింది. నేనే అడ్డుపడి, "మా అత్తమ్మ అండీ. ఏ పనీ లేదు, ఇంట్లోనే ఉంటారు" అన్నాను.

ఆదిశేషమ్మ మా అత్త వైపు చూసింది. మా అత్త నేల చూపులు చూసింది.

"అట్టనా. రండి" అన్నది ఆదిశేషమ్మ. "మీది ఏ ఊరండీ?"

"మైపాడండీ" అన్నది మా అత్త.

పరవాలేదే, మా అత్తకు మర్యాదలు బాగానే వచ్చాయని మురిసిపోయాను. గదులన్నీ తిరిగాను. నాకు ఇల్లు ఎంత నచ్చిందంటే, మంచం ఏ మూల వేయాలో కూడా అనేసుకున్నాను. ఒక్కటే తేడాగా తోచింది. మా అత్త సీసా సంచిలోంచి తీయనేలేదు. "నీళ్లు పట్టవా?" అని చెవిలో అడిగితే, "మంచియ్యేలే" అన్నది. అంత గట్టిగా ఎట్లా చెప్పిందో ఆలోచించాలని నాకు తట్టలేదు.

పెరట్లోకి వెళ్లాం. ప్రహరీ మీద పడుకున్న పసుప్పచ్చ పిల్లి ఒకటి కళ్లు తెరిచి, ఒక్క దూకు దూకి, నేరుగా వచ్చి మా అత్త కాళ్లకు ఒళ్లు రుద్దుకుంది. దాని వెనకే ఇంకో రెండు వచ్చాయి. పక్కింటి కప్పు మీది నుంచి చెవి తెగిన గండుపిల్లి దిగింది. గంప లేదు, చేప లేదు, ఒంటి మీద సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. అయినా నాలుగు పిల్లులూ ఆమె ముందు వరసగా కూర్చుని, ఆమె చేతుల వైపు చూస్తూ అరవసాగాయి.

"ఛీ, పోండి. ఎవురి పిల్లులో ఏమో" అన్నది మా అత్త, కాలితో మెల్లగా నెడుతూ. అవి ఇంకా దగ్గరికి జరిగాయి.

ఆదిశేషమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగక, నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది. "చాల్లే కామమ్మా. ఈ అండీలు నాకు చాతకావడంలా" అన్నది.

నాకు తల కొట్టేసినట్లయింది. నా పరువు కాపాడటానికి ఇద్దరు పెద్దవాళ్లు అరగంట నుంచి నా ముందు నాటకమాడుతున్నారు.

"ఇరవై ఏళ్లుగా ఈమె చేపలే నేను తినేది" అన్నది ఆదిశేషమ్మ నాతో. "ఒక ఏడు పెన్న పొంగింది. ఇంట్లోకి నీళ్లు రాలా గానీ, వీధంతా మోకాలిలోతు బురద. మూడు రోజులు ఈ వీధికి పురుగు రాలా. నాలుగోనాడు మీ అత్త ఆ బురదలో నడిచొచ్చింది. గంపలో చేపల్లేవు, అన్నం పొట్లాలు. ఇంటింటికీ పంచింది. డబ్బులిస్తే తీసుకోలా. మళ్లీ వారం చేపలకు మాత్రం రూపాయి తగ్గించలా, అది వేరే సంగతి."

మా అత్త సిగ్గుపడి నిమ్మచెట్టు వైపు తిరిగింది.

"ఇల్లమ్ముతున్నానని చెప్తే, ఎవురికీ చూపించబాకక్కా, మా రోజాకు కావాల అన్నది. డాక్టరు కోతకు దిగాలంటే పక్కన మా కోడలుండాల్సిందే అని ఈ వీధిలో చెప్పని ఇల్లు లేదు."

నేను మా అత్తను దాచిపెట్టిన వీధిలో, ఆమె నన్ను ఇంటింటికీ చెప్పుకుని తిరిగింది. ఎక్కడికి పోయి మొహం దాచుకోవాలో తెలియలేదు.

ఆదిశేషమ్మ నవ్వు ఆపి నా కళ్లలోకి చూసింది. "ఇందాక ఏందో అన్నావే అమ్మాయీ, నాకు సరిగా వినపడలా. మీ అత్త ఏం చేస్తాది?"

మా అత్తే అందుకుంది. "అది చెప్పింది నిజమే అక్కా. నేనింక మానేస్తా ఉండా. వయసైపోలా? ఈ ఇంటికొచ్చినాక ఊరికే కూర్చుంటాలే."

చాలా మామూలుగా అన్నది. అట్లా అంటూ చీర కొంగు తల మీదికి లాక్కుంది. ముప్పై ఏళ్ల గంప బరువుకు నడినెత్తిన జుట్టు ఊడిపోయినచోట తల నున్నగా మెరిసి, కొంగు కింద దాక్కుంది. నేనాడిన ఒక్క అబద్ధాన్ని నిజం చేయడానికి ఆ ముప్పై ఏళ్లనూ ఒక్క మాటతో వదిలేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇల్లు వస్తుందో రాదో, థియేటర్ ఉంటుందో పోతుందో, ఆ క్షణంలో ఏదీ గుర్తులేదు.

"లేదమ్మా" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "అబద్ధం చెప్పినాను. మా అత్త చేపలమ్ముతాది. మీరు ఇల్లిస్తే ఈ గుమ్మంలో గంప దించుకోని అమ్ముతాది. ఇయ్యకపోయినా ఈ వీధిలోనే అమ్ముతాది."

ఆదిశేషమ్మ తల ఊపింది. మా అత్త నిమ్మచెట్టు దగ్గరే, మా ఇద్దరికీ వీపు చూపిస్తూ నిలబడి ఉంది. అటు తిరిగే ఉండి మెల్లగా అడిగింది.

"ఇంకోసారి చెప్పు రోజా."

చెప్పాను.