రెండో గడి

పొద్దున్నే ఆరు కొట్టేలోపు ఆవిడ వంతెన కింది మెట్లు దిగి, స్తంభం మీది తెల్లగీతల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, మళ్ళీ పైకొచ్చి గదిలో ఫోను ఎత్తేది. పంతొమ్మిదేళ్ళుగా అదే ఉద్యోగం. ఎండా వానా లేదు, ఇంట్లో పిల్లకి జ్వరమనీ లేదు. ఊళ్ళో అందరూ ఆవిడని నీళ్ళక్క అనేవారు.

ఆ ఫోను ఎత్తితే మోగేది పక్క దేశంలో. నది ఇక్కడినుంచి అక్కడికి పారుతుంది. పొద్దున నీళ్ళక్క కళ్ళ ముందు దాటిన నీళ్ళు మధ్యాహ్నం మూడింటికి ఆ దేశపు మొదటి ఊరు చేరతాయి. అందుకని వెనకెప్పుడో రెండు దేశాల పెద్దలూ కూర్చుని, పైవాళ్ళు కిందివాళ్ళకి రోజూ నీటిమట్టం చెప్పాలని రాసుకున్నారు. రాసుకున్నవాళ్ళు పోయారు, కాగితం మిగిలింది. ఆ కాగితం పుణ్యమా అని నీళ్ళక్కకి ఒక అన్నయ్య దొరికాడు.

అన్నయ్యంటే అక్కడ ఫోను ఎత్తి అంకె రాసుకునే మనిషి. ఆయన మొహం ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

"ఎంత చెల్లెమ్మా?"

"ఆరు."

"మళ్ళీ చెప్పు."

"ఆరంటే ఆరే, మహానుభావా! రాసుకో!"

ఈ 'మళ్ళీ చెప్పు' వెనక ఒక కథ ఉంది. కొత్తలో ఆవిడ జలుబు ముక్కుతో పదమూడంటే ఆయనకి పదిహేడని వినబడింది. పదిహేను దగ్గర వరద గుర్తుగా ఎర్రగీత. ఇంకేముంది, సైరన్ మోగించేసి వానలో ఊరంతటినీ గుట్ట ఎక్కించాడు. నది మాత్రం సాయంత్రందాకా నిమ్మకు నీరెత్తినట్టు పారుతూనే ఉంది. తడిసి ముద్దయిన జనం ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. అప్పటినుంచి వాళ్ళ ఆఫీసు రిజిస్టరులో రెండు గడులు గీశారు, మొదటిసారి విన్నది ఒకదాన్లో, రెండోసారి విన్నది ఇంకోదాన్లో. రెండూ నిండితే తప్ప అధికారి సైరన్ గది తాళం ఇవ్వడు.

"అంతా నీ ముక్కు వల్లే" అని అన్నయ్య పంతొమ్మిదేళ్ళూ ఆవిడని ఏడిపించాడు. అంకె అయ్యాక రెండు నిమిషాలు ఇంటి కబుర్లు. వదిన మోకాలి నొప్పి, నీళ్ళక్క కూతురి లెక్కల మార్కులు. ఆ రెండు నిమిషాలూ లేకపోతే ఆవిడకి తెల్లారినట్టే ఉండేది కాదు.

ఈ ఏడు రెండు దేశాలకీ చెడింది. ఎందుకయ్యా అంటే పదిమంది పది చెబుతారు. సరిహద్దులో కాల్పులు, టీవీలో కేకలు. ఒకరి రాయబారిని ఒకరు పంపించేసుకున్నారు, బస్సులు ఆపేశారు, మామూలు ఫోన్లు కట్టేశారు. ఆఖరికి కోపం నీటి అంకె మీదికొచ్చింది. శత్రువుకి ఏ సమాచారమూ ఇవ్వరాదని ఉత్తర్వు! నీళ్ళని ఆపడం చేతకాక నీళ్ళ కబురు ఆపారు, ఘనులు. లైను చెడిపోకుండా రోజూ ఆరింటికి ఫోను చేసి 'లైను బాగుంది' అనడానికి మాత్రం అనుమతి. అంతకుమించి ముక్క మాట్లాడకుండా సూపర్‌వైజరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"లైను బాగుంది అన్నయ్యా."

"ఇక్కడా బాగుంది చెల్లెమ్మా."

నలభై రోజులు ఇంతే.

నలభై ఒకటో రోజు పొద్దున ఆవిడ మెట్లు దిగబోతే సగం మెట్లు లేవు. పైన కొండల్లో రెండు రోజులుగా ఒకటే వాన. ఎర్రగీత మునిగిపోయింది. కళ్ళు నులుముకుని చూసింది. పదిహేడు. ఈసారి జలుబూ లేదు, పొరపాటూ లేదు.

"సార్, పదిహేడు! వాళ్ళకి చెప్పాలి" అంది గదిలోకి వస్తూనే.

సూపర్‌వైజరు నీళ్ళు నమిలాడు. "పైకి కబురు పెట్టానమ్మా. జవాబు రానీ."

"జవాబొచ్చేలోపు అక్కడికి ఏరొస్తుంది సార్!"

"నాకు తెలీదా? నా పిల్లల నోట్లో మట్టి కొట్టకు తల్లీ. లైను బాగుందని చెప్పి పెట్టేయ్."

చెడ్డవాడని కాదు, వట్టి పిరికివాడు. ఆవిడ ఫోను ఎత్తింది. ఆయన చెయ్యి ఫోను పక్కనే ఉంది.

"లైను బాగుంది అన్నయ్యా."

"ఇక్కడా బాగుంది చెల్లెమ్మా."

ఉన్నపళంగా అంకె అంటే సూపర్‌వైజరు పసిగడతాడని ఆవిడ భయం. మామూలు కబురులా ఉండాలని, "వదిన మోకాలు ఎలా ఉంది?" అంది. సూపర్‌వైజరు తలెత్తి చూశాడు. "పదిహేడు!" అంది గబుక్కున.

"మళ్ళీ చె..." అంటున్నాడు అన్నయ్య. సూపర్‌వైజరు చెయ్యి ఫోను మీద పడింది. లైను తెగిపోయింది.

ఆవిడ ఏడ్చింది, అరిచింది, ఆయన కాళ్ళు పట్టుకోబోయింది. ఫోను బీరువాలోకి వెళ్ళింది, పనిలోకి రావద్దని ఆవిడ చేతికి మెమో వచ్చింది. ఇంటికొచ్చి గడియారం ముందు కూర్చుంది. మూడు కొట్టేదాకా కదల్లేదు. కూతురు అన్నం పళ్ళెం తెచ్చి పెడితే ముట్టుకోలేదు.

"మోకాలు ఎందుకు అడిగానే నేను? ఆ మాట మానేసి అంకె ఇంకోసారి అనుంటే సరిపోయేది కదే!" అని కూతురి మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది.

వరదొచ్చింది. రెండు దేశాలూ ముందు నిందలు వేసుకున్నాయి, తరవాత సంతాపాలు చెప్పుకున్నాయి. రెండు నెలలకి పెద్దలు ఏదో చల్లటి హాల్లో చేతులు కలిపి, ఆ పాత కాగితం మీదే కొత్త సంతకాలు పెట్టారు. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు. ఆఫీసువాళ్ళు మెమో చించేసి, "రేపట్నుంచి వచ్చేయమ్మా" అన్నారు, అక్కడికేదో ఆవిడే సెలవు పెట్టినట్టు.

ఆరింటికి ఫోను ఎత్తింది. సూపర్‌వైజరు తన కుర్చీలో తలవంచుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా?"

"నేనమ్మా, మీ వదినని" అంది ఒక ఆడగొంతు. "ఆయన ఉద్యోగం నాకిచ్చారు."

నీళ్ళక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ పొద్దున పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చారమ్మా. చెల్లెమ్మ నీ మోకాలు ఎలా ఉందని అడిగిందే అంటూనే నన్ను వీపున వేసుకుని గుట్ట ఎక్కించారు. మా నాలుగు వీధుల్లోనూ తలుపు తలుపూ కొట్టి జనాన్ని పంపించారు. ఏటి అవతలి ఇళ్ళకి మాత్రం సైరనొక్కటే దారి. అధికారి తాళం ఇవ్వనన్నాడు. శత్రువులు మనల్ని బెదరగొట్టడానికి అనుంటారు, రెండోసారి చెబితే చూద్దామన్నాడు. మా చెల్లెమ్మ మళ్ళీ చేస్తుంది, నేను లేకపోతే ఎత్తేదెవరని ఈయన ఫోను దగ్గరే కూర్చున్నారు."

మూడింటికి ఏరు ఆ ఫోను గదిలోకీ వచ్చిందని నీళ్ళక్కకి వేరే చెప్పక్కర్లేకపోయింది.

"నాకు కుదరనివ్వలేదు వదినా" అంది. "ఒక్కసారే అనగలిగాను."

"తెలుసు తల్లీ. రిజిస్టరు ప్లాస్టిక్ కవరులో చుట్టి పై అరలో పెట్టారు, బాగానే ఉంది. మొదటి గడిలో పదిహేడు రాసుంది. రెండోది ఖాళీ. ఆ పేజీ తిప్పడానికి నాకు చెయ్యి రావట్లేదు. చెప్పమ్మా."

సూపర్‌వైజరు లేచి బయటికి వెళ్ళిపోయాడు. నీళ్ళక్క రెండు చేతులతోనూ ఫోను పట్టుకుంది.

"పదిహేడు" అంది.

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినబడింది. తరవాత ఇద్దరూ ఏడ్చారు, ఎంతసేపో తెలీదు. ముందు వదినే తేరుకుంది. పేజీ తిప్పింది.

"ఇవాళ ఎంత?"

"నాలుగు."

"మళ్ళీ చెప్పు."

"నాలుగు వదినా" అంది నీళ్ళక్క. ఆపైన ఎవరూ అడక్కుండానే ఇంకోసారి అంది, "నాలుగు."