గోడకు ఆనుకున్న మంచం

2025 ఫిబ్రవరి 8, శనివారం మధ్యాహ్నం, సిరిసిల్లలోని ఒక గల్లీలో రాయమల్లు తన ఎనిమిది సాంచాలను, అంటే మరమగ్గాలను, తానే ఆపేశారు. అప్పటికి ఆ సాంచాల షెడ్డును గల్లీలోంచి తీసేయించాలన్న దావా మూడో ఏట నడుస్తోంది. దావా వేసింది పక్కింటి మొగిలి. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే.

నెల ముందు కోర్టు ఈ కేసును మధ్యవర్తిత్వానికి పంపింది. మధ్యవర్తి మమతారాణి, జిల్లా జడ్జిగా పదవీ విరమణ చేసిన మనిషి. ఆదిలాబాద్‌లో, మంథనిలో పనిచేశారు. విరమణ తర్వాత రెండు రకాల పనులు చేస్తున్నారు. ఆర్బిట్రేటర్‌గా కూర్చుంటే తీర్పు చెబుతారు. భైంసాలో ఒక జిన్నింగ్ మిల్లు భాగస్వాములకు ఆమె చెప్పిన తీర్పు మీద ఎవరూ పై కోర్టుకు పోలేదు. మధ్యవర్తిగా కూర్చుంటే తీర్పు ఉండదు. ఇరుపక్షాలు ఒప్పుకున్నదే ఒప్పందం. ఒకరు విడిగా చెప్పిన మాట వాళ్లు సరేనంటే తప్ప రెండోవారికి చేరదు.

కరీంనగర్‌లో మొదటి సమావేశానికి ఆమె గదిలోకి రాగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆమె కూడా కూర్చోలేదు.

"కూసోండ్రి మేడం," అన్నారు మొగిలి.

"మీరు కూసుంటె నేను కూసుంట. గిది కోర్టు కాదు."

కూర్చున్నాక మొదట తన సంగతి చెప్పారు. "నేను నేత పనిచేసే శాలోళ్ల బిడ్డను. మా బాపు సిరిసిల్లలనే సాంచాలు నడిపిండు. రాయమల్లుతోటి చుట్టరికం లేదు, కులం మాత్రం ఒకటే. మొగిలన్నా, వద్దనుకుంటె చెప్పు. ఇంకొకలను పెడ్తరు."

మొగిలి బొగ్గుబాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసి రిటైరైన మనిషి. కూతురు స్పందనకు సిరిసిల్ల దవాఖానలో నర్సు ఉద్యోగం వస్తే, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడ ఇల్లు కొన్నారు.

"జడ్జిగ ఉన్నప్పుడు ఎవల బిడ్డవని అడిగిండ్రా ఎవలన్న?" అన్నారు.

"అడిగిండ్రు. చాటుకు."

"నేనైతె మొఖం మీదనే అడుగుత. ఆయన దిక్కు మాట్లాడితె లేసిపోత."

"పో అన్నా. తలుపుకు గొళ్లెం పెట్టం."

రాయమల్లు తన సంగతి చెప్పుకున్నారు. షెడ్డు తండ్రి కట్టించింది. దాని మీద తన ఇల్లు, పనివాళ్ల ఇళ్లు బతుకుతున్నాయి. ఇంకోచోట పెట్టే తాహతు లేదు. "షెడ్డు పోతె సాంచాలు తుక్కుకే, మేడం. మీరే ఏదో ఒకటి తేల్చుండ్రి."

"తీర్పు చెప్పుడు ఈడ నా పని కాదు," అన్నారామె.

పొద్దుగూకగానే ఆపేస్తానన్నారు రాయమల్లు. మొగిలి ఒప్పుకోలేదు. సాంచాల కింద రబ్బరు పరుస్తానన్నారు. దానికీ ఒప్పుకోలేదు.

"మరేం గావాలె నీకు? బొగ్గుబాయి తెచ్చి పెట్టాల్నా గల్లీల?"

"షెడ్డు పోవాలె. గంతే."

మమతారాణి మొగిలిని పక్కగదికి తీసుకెళ్లారు. ఆమె ఈ కేసు గురించి ఇంతవరకు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అక్కడి మాటలు మొగిలి తర్వాత తానే చెప్పినవి.

"గల్లీల సావైతె శవం లేసేదాక సాంచాలు ఆపుతరు. అది ఆ గల్లీ రివాజు. ఎదురింటి బుచ్చవ్వ సచ్చిన్నాడు ఆపిండ్రు. మా ఇంటామె అనసూర్య సచ్చిన్నాడు ఆపలే. ఆమెను లేవట్టేటప్పుడు సుత నడుస్తనే ఉన్నయి. బాయి నుంచి అచ్చినోళ్లం గద, మా ఇంట్ల సావు సావు గాదు."

"గీ మాట ఆయనకు చెప్పన్నా?"

"చెప్పద్దు. అడుక్కొని తీసుకునేదా గది?"

ఆ రివాజు మమతారాణికి తెలుసు. ఆమె తండ్రి కూడా అలాగే ఆపేవారు. ఆమె తిరిగి వచ్చి కూర్చున్నారు.

"ఏమన్నడు?" అడిగారు రాయమల్లు.

"అది ఆయన మాట. నాది కాదు."

"నాకు చెప్పకపోతె నాకెట్ల ఎర్కయితది మేడం?"

దారి తగాదాలోనైనా గోడ తగాదాలోనైనా ఆమె ఒక పద్ధతి పాటిస్తారు. ఒకరి చోట ఇంకొకరిని కాసేపు కూర్చోబెడతారు. సుల్తానాబాద్‌లో ఒక పొలం దారి కేసులో కూడా అదే చేశారు. ఇక్కడా అదే అడిగారు. ఇద్దరూ సరేనన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం సాంచాలు నడుస్తుండగా మొగిలి షెడ్డులోకి, రాయమల్లు మొగిలి ఇంట్లోకి వెళ్లారు. మమతారాణి గల్లీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

స్పందన రాయమల్లుకు చాయ్ ఇచ్చింది. గోడ అవతలి సాంచాల అదురుకు కప్పు సాసరు మీద టకటకా కొట్టుకుంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. గోడకు ఆనించి ఒక మంచం ఉంది. దాని మీద పరుపు లేదు.

"గిదెవలిది బిడ్డా?"

"అవ్వది," అంది స్పందన తల్లి గురించి. "ఆర్నెల్లు గీ మంచంలనే ఉండె. గీడనే పోయింది."

రాయమల్లు గోడ మీద చెయ్యి పెట్టారు. గోడ అదురుతోంది. చాయ్ తాగకుండా లేచి, గల్లీలోంచి షెడ్డులోకి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశారు. పనివాళ్లు కరెంటు పోయిందనుకున్నారు.

"అన్నా, అనసూర్యక్క పోయిన్నాడు ఆపాలె. ఆపలే. బడి పిల్లల బట్ట ఆర్డరుండె. గల్లీల అందరికీ ఆపినం, నీకు ఆపలే. తప్పైంది."

తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డ మమతారాణి వైపు చూసి, మొగిలి రాయమల్లును అడిగారు. "ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్తరు? మంచం ఆడనే ఉన్నది గద."

మొగిలి అక్కడున్న స్టూలు మీద కూర్చున్నారు. "బాయిల సుత గింత సప్పుడు లేకుండె. ఎట్ల ఉంటున్నరయ్యా ఇందుల?" అన్నారు.

"మాకు సప్పుడు ఆగితెనే పరేషాన్," అన్నాడు ఒక పనివాడు.

షెడ్డులోనే షరతులు రాశారు. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది వరకే నడపాలి. గోడ పక్క సాంచాను అవతలి వైపుకు జరపాలి. అన్నింటి కింద రబ్బరు పరచాలి. దావా వాపసు తీసుకోవాలి.

"అనసూర్యక్క పోయిన తారీకు నాడు ఏటా సాంచాలు బందు పెడ్త. గది సుత రాయుండ్రి," అన్నారు రాయమల్లు.

"రాయొద్దు," అన్నారు మొగిలి. "రాస్తె కోర్టు ఆపినట్టయితది."

మమతారాణి పెన్ను పక్కన పెట్టారు. ఆ షరతు ఒప్పందంలో లేదు. ఒప్పందానికి జతచేసి కోర్టుకు ఆమె పంపిన నివేదికలో ఉన్నది ఒక్క వాక్యం: ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి.

అనసూర్య చనిపోయింది ఏప్రిల్ 19న. ఈ ఏడాది ఆ తేదీన మమతారాణి వేరే కేసు పని మీద భైంసాలో ఉన్నారు. సిరిసిల్ల గల్లీలో ఆ రోజు కరెంటు ఉంది. రాయమల్లు షెడ్డు తలుపులు తెరిచే ఉన్నాయి. ఎనిమిది సాంచాల్లో ఒక్కటీ నడవలేదు.