నాలుగు వాటాల కడుపు

కొత్త బస్సులు డిపోకి వచ్చిన రోజున కండక్టరమ్మ ఒకదానిలోకెక్కి, సీట్ల మధ్య దారిలో నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పాత బస్సుల్లో ఆమె పక్కకు తిరిగి నడిచేది. ఇందులో పక్కకు తిరిగినా పొట్ట ఒక వరుసను, వీపు ఇంకో వరుసను రాసుకుంటున్నాయి. ఖాళీ బస్సులోనే ఇలా ఉంటే సాయంత్రం ఆఫీసులు వదిలాక సంగతేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దారి తగ్గించి సీట్లు పెంచారు తల్లీ," అన్నాడు డ్రైవర్ బాబాయి. ఆమె ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఎక్కువగా అతని బండి మీదే పనిచేసింది. "మనిద్దర్నీ దింపడానికే ఈ కుట్ర. నా సీటు చూడు, పీటలాగా ఉంది. సగం నేను కూర్చుంటాను, సగం గాల్లో ఉంటాను."

ఆమె నవ్వింది. నవ్వడం, నవ్వించడం ఆమెకు అలవాటే. "మేడం, మీరు రెండు టికెట్లు కొట్టుకోవాలి" అనే కాలేజీ కుర్రాళ్లకు, "నాది హాఫ్ టికెట్టే నాన్నా, మిగతాదంతా లగేజీ" అని జవాబిచ్చి బస్సంతా నవ్వించేది. ఆ కుర్రాళ్లే పరీక్షలొస్తే ఆమెకు హాల్ టికెట్ చూపించి వెళ్లేవారు.

ఆ వారంలోనే డిపో మేనేజరు పిలిచి, కుర్చీ చూపించి, కుర్చీ వంక కాస్త అనుమానంగా చూసి, విషయం చెప్పాడు. ఏడాది తిరిగేలోగా కండక్టర్లందరికీ వైద్య పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గనివాళ్లను బస్సు దింపి, దొరికిన సామాన్ల గదిలో వేస్తారు. ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు సర్దుకుంటూ కూర్చోవాలి. జీతం తగ్గుతుంది. జీతం కంటే ఆమెను భయపెట్టింది ఆ గది. ఆమె పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మాట్లాడుకోవడమంతా బస్సులోనే. రోజూ ముందు సీటు కోసం పోట్లాడే ముసలాయన, నిద్రపోతూ ఎక్కి నిద్రపోతూ దిగే నర్సు, స్టాపు దాటాక అరిచే ట్యూషన్ పిల్లలు... ఆమెకున్న సంసారం అదే. అది పోతే గొడుగులతో మాట్లాడుకోవాలి.

పెద్ద ఆసుపత్రి డాక్టరు ఆమె మోకాళ్లు చూసి, తూకం చూసి, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ ఒక్కటే దారి అన్నాడు. ఖర్చు విన్నాక ఆమె ఇంటికొచ్చి, "ఆ డబ్బుతో బస్సే కొనుక్కోవచ్చు. దారి మనకి కావలసినంత వెడల్పు పెట్టించుకోవచ్చు," అంది.

"అదే ఆపరేషన్ వేరే దేశంలో మూడో వంతుకే చేస్తున్నారక్కా," అంది చెల్లెలు. ఆమె ఒక బడి ఆఫీసులో పనిచేస్తుంది. "మా హెడ్‌మేడం వాళ్ల ఆడపడుచు వెళ్లొచ్చింది. గాలికి ఎగిరిపోయేలా ఉంది ఇప్పుడు."

మూడో వంతు అన్నా ఆమె ఒక్కతే పెట్టగలిగింది కాదు. అయినా ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ ఒక్కరే కొనరు. అమ్మ బతికుండగా పెట్టిన పద్ధతి అది. తోబుట్టువుల మధ్య అప్పు అనే మాట రాకూడదు, వాటా వెయ్యాలి. వాటా వేసినవాళ్లకు మాట ఉంటుంది. నాలుగు వాటాలతో కొన్న వాషింగ్ మెషీను కండక్టరమ్మ ఇంట్లో ఉంది. ఆదివారమైతే నలుగురి బట్టలూ అక్కడే గిరగిరా తిరుగుతాయి. తమ్ముడికి వ్యాను కొన్నప్పుడు వాడు తెలుపు కావాలని మొత్తుకున్నాడు. మిగతా ముగ్గురూ నీలం అన్నారు. నీలం వ్యానే వచ్చింది. ఆ రోజు అందరికంటే గట్టిగా నీలం అన్నది కండక్టరమ్మే.

ఇప్పుడు కొనవలసింది ఆమె ఆపరేషన్. పద్ధతి మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

ఏజెంటు ఆఫీసు ఒక మందుల షాపు పైన. గోడల నిండా జంట ఫొటోలు. ఎడమవైపు లావుగా ఏడుపు ముఖం, కుడివైపు సన్నగా నవ్వు ముఖం. అన్నయ్య, వదిన, తమ్ముడు, చెల్లెలు కుర్చీలన్నీ ఆక్రమించుకుంటే కండక్టరమ్మ గోడవార సోఫాలో కూర్చుంది. ఆపరేషన్ ఎవరికో ఏజెంటు అడగలేదు. అడగనక్కర్లేకపోయింది.

"మా ప్యాకేజీలో అన్నీ వచ్చేస్తాయండి," అన్నాడతను. "విమానం, ఆసుపత్రి, డాక్టరు, తర్వాత రెండు వారాలు హోటలు, చివర్లో లోపల కుట్లు ఎలా ఉన్నాయో చూసే స్కాను. తర్వాత తిరుగు విమానం."

"తోడు?" అంది వదిన. "ఆడమనిషిని, అదీ ఒంట్లో బాగాలేని మనిషిని ఒక్కదాన్నే పంపుతామా?"

"తోడుకి టికెట్టు వేరేనండి."

"తోడు ఎవరెళ్తారు?" అన్నాడు తమ్ముడు.

"ఎవరేంటి? నేను వెళ్తాను. మీకేం తెలుసు రోగి సంగతి?" వదిన అప్పటికే చీరా, స్వెట్టరూ ఎంచుకున్నట్టుంది.

అన్నయ్యది ఇనుప సామాన్ల కొట్టు. తూకం వేసే చేత్తోనే ముక్కు గోక్కుని అన్నాడు: "ఆ రెండో వారం తీసేస్తే ఎంత తగ్గుద్దండీ?"

ఏజెంటు క్యాలిక్యులేటరు నొక్కాడు. "ఉంటే మంచిదండి. కానీ చాలామంది తీసేస్తున్నారు. స్కాను ఇక్కడికొచ్చి చేయించుకోవచ్చు కదా అంటారు."

"అదీ నిజమే. ఇక్కడ స్కానులు లేవా?"

"అప్పుడు మేడంగారి టికెట్టు పోను కొంచెం మిగులుతుందండి. దాంట్లో సిటీ టూరు వచ్చేస్తుంది. పడవ కూడా ఉంటుంది."

"పడవ ఎందుకండీ?" అన్నాడు తమ్ముడు.

"వాళ్లు చూపిస్తామంటుంటే నీకేంట్రా?" అంది వదిన.

అందరూ సోఫావైపు తిరిగారు. ఉంటే మంచిదని అతనే అంటున్నాడు, మంచిదంటే దేనికి మంచిది, లేకపోతే ఏమవుతుంది అని కండక్టరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాలుగింట మూడు వాటాలు అటువైపు ఉన్నాయి. టికెట్ డబ్బులు సరిపోని మనిషి కిటికీ సీటు అడిగినట్టుంటుందని ఊరుకుంది.

"మీ ఇష్టం," అంది.

పరాయి దేశంలో ఆమె చూసింది ఒక తెల్లటి సీలింగు, ఒక లిఫ్టు, హోటలు గదిలో మూసిన కర్టెను. నర్సులు సైగలతో మాట్లాడేవారు. వదిన పడవ ఎక్కి వచ్చి, నీళ్లు ఎంత పచ్చగా ఉన్నాయో చెబుతూ సగంలో నిద్రపోయింది. తిరుగు ప్రయాణం నాటి ఉదయం కండక్టరమ్మకు ఎడమ భుజంలో పోటు మొదలైంది. ఒళ్లు కాలిపోతోంది.

"వదినా, జ్వరంలా ఉంది. ఆసుపత్రికి ఒకసారి ఫోను చేద్దామా?"

వదిన నుదురు మీద చెయ్యి వేసి చూసింది. "చేస్తే ఉండమంటారు. ఉంటే హోటలు ఎవరు కడతారు, టికెట్లు మార్చడానికి ఎవరు కడతారు? మీ అన్నయ్య నన్ను చంపేస్తాడు. ఈ మాత్ర వేసుకో. విమానం దగ్గర మాత్రం జ్వరమని నోరు జారకు, ఎక్కించుకోరు."

ఆమె మాత్ర వేసుకుంది. నోరు జారలేదు.

జ్వరం ఇంటికొచ్చాక మందులతో తగ్గింది. స్కాను మాట వారం వారం వాయిదా పడింది. మనిషి మాత్రం తగ్గిపోతూనే ఉంది. యూనిఫారం రెండుసార్లు కుట్టించుకుంది. కొత్త బస్సులో ఈ చివరినుంచి ఆ చివరికి నేరుగా, ముందుకే చూస్తూ నడిచిన రోజున డ్రైవర్ బాబాయి అద్దంలోంచి చూసి హారన్ కొట్టాడు. ముందు సీటు ముసలాయన, "మా పాత కండక్టరమ్మ ఏదమ్మా?" అని ఆమెనే అడిగాడు. వైద్య పరీక్షలో నెగ్గింది. కష్టమంతా దేనికోసమో అది దక్కింది.

దక్కినదాన్ని చూసుకోవడానికి వాటాదారులు వచ్చేవారు. అన్నయ్య కొట్టుకు వెళ్తూ దారిలో ఆగి, పలకరింపు కంటే ముందు ఫ్రిజ్ తలుపు తీసేవాడు. చెల్లెలు మధ్యాహ్నం ఫోను చేసి, "ఏం తిన్నావక్కా? ఎంత తిన్నావు? నిజం చెప్పు," అని పిల్లలను నిలదీసినట్టు నిలదీసేది. వదిన ఆమెను గుమ్మంలో నిలబెట్టి, ఇరుగుపొరుగును పిలిచి, "అంతా మేం పెట్టిందే," అని చూపించేది. ఏజెంటు గోడ మీద జంట ఫొటో వేసుకోనిస్తే కొంత డబ్బు వెనక్కిస్తానన్నాడట. ఆమెను అడగకుండానే తమ్ముడు ఫొటోలు ఇచ్చేశాడు. ఎడమవైపు ఫొటో తమ్ముడి పెళ్లిలోది. అందులో ఆమె ఏడవడం లేదు, పగలబడి నవ్వుతోంది. ఏజెంటు నవ్వు కనపడకుండా నోటిదాకా కత్తిరించి పెట్టాడు.

తిన్నది నిలవడం మానేసిన సంగతి ఆమె ముందు చెల్లెలికే చెప్పింది.

"వాంతులు మామూలేనక్కా. హెడ్‌మేడం ఆడపడుచుకీ అయ్యాయి."

"నీళ్లు కూడా నిలవట్లేదే."

"మంచిదేగా, ఇంకాస్త తగ్గుతావు," అంది చెల్లెలు. తర్వాత తనకే ఎలాగో అనిపించి, "జాగ్రత్తక్కా," అని పెట్టేసింది.

ఆమె చెంచాతో నీళ్లు తాగడం నేర్చుకుంది. బస్సులో గొంతు పెగలడం తగ్గింది. ఒక మధ్యాహ్నం టికెట్టు ఇస్తూ ఇస్తూ, సీట్లో నిద్రపోతున్న నర్సు ఒళ్లో కూలిపోయింది. డ్రైవర్ బాబాయి ఏ స్టాపులోనూ ఆపకుండా, జనంతో సహా బస్సును ఆసుపత్రి గేటు లోపలికి తోలేశాడు. దిగవలసినవాళ్లు కేకలేస్తే, "ఇవాళ రూటు మారింది," అన్నాడు.

పెద్ద ఆసుపత్రి డాక్టరు అదే డాక్టరు. ఆమెను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. కుట్టు దగ్గర మొదట్లోనే చిన్న చీలిక పడిందనీ, అది తనంతట తాను మానుతూ చుట్టూ బిగుసుకుపోయిందనీ, దారి మూసుకుపోతోందనీ చెప్పాడు.

"అక్కడ ఇంకో వారం ఉంటే తెలిసేదాండీ?"

"చివర్లో స్కాను చేస్తారు కదా, అందులో కనపడేది. అప్పుడైతే చిన్న పని." ఇప్పుడది పెద్ద పని. విప్పి మళ్లీ కుట్టాలి. మొదట అతను చెప్పిన ఖర్చు కంటే ఎక్కువ. పరాయి చోట సొంత ఇష్టంతో చేయించుకున్నదానికి ఉద్యోగపు బీమా వర్తించదు. డిపోలో ఆమె ముందే కనుక్కుంది.

మంచం మీద పడుకుని ఆమె ఒక్కటే ఆలోచించింది. మళ్లీ వాటాలు వేయించుకోవాలా, వద్దా?

సెలైన్లు ఎక్కించి ఇంటికి పంపాక వచ్చిన ఆదివారం అందరూ ఆమె ఇంట్లో చేరారు. లోపల వాషింగ్ మెషీను తిరుగుతోంది. బట్టలు తేవడం ఎవరూ మరిచిపోలేదు.

"ఏజెంటుతో మాట్లాడాను," అన్నాడు తమ్ముడు. "అక్కడికే వెళ్తే ఆపరేషన్ ఉచితంట. ప్రయాణం, హోటలు మనవి."

"ఇక్కడ దండగ. అక్కడికే వెళ్లాలి," అన్నాడు అన్నయ్య. "మళ్లీ నాలుగు వాటాలు. అంతే."

"ఈసారి తోడు నేను వెళ్తాను," అంది చెల్లెలు. "నాకు సెలవులున్నాయి."

వదిన ముఖం చిన్నబోయింది. "అక్కడి మనుషులూ, దారులూ నాకు తెలుసు. కొత్తవాళ్లు వెళ్లి ఏం చేస్తారు?"

"తెలిసే కదా జ్వరంతో తీసుకొచ్చావు!"

"నేనా? రెండో వారం తీసేయమన్నది ఎవరు? మీ అన్నయ్యని అడుగు!"

"అందరం కలిసి అనుకున్నదేగా," అన్నాడు అన్నయ్య గోడ వంక చూస్తూ. "తను కూడా మీ ఇష్టమనే అంది కదా."

అంది. ఆ మాట నిజం. కండక్టరమ్మ ఒప్పుకుంటున్నట్టు తల ఊపింది.

"ఈసారి నాకు వాటాలు వద్దన్నయ్యా. ఇక్కడే చేయించుకుంటాను. ఉద్యోగం వదిలేస్తున్నానని నిన్న రాసిచ్చాను. వదిలేస్తే చేతికొచ్చే పీఎఫ్ డబ్బుతో సరిపోతుంది."



"ఉద్యోగం కోసమేగా అక్కా ఇదంతా చేసింది?" అన్నాడు తమ్ముడు.

"అవున్రా."

"మరి తర్వాత ఎలా బతుకుతావు?"

"ముందు బతకనీ."

వదిన గొంతు తగ్గించి అంది: "అంత డబ్బూ నీ ఒక్కదానికేనా అమ్మాయ్? ఇంట్లోవాళ్లతో ఒక మాట అనుకోవద్దూ?"

"అనుకుంటే మళ్లీ పడవొస్తుంది వదినా."

వదిన చివ్వున లేచి లోపలికి వెళ్లింది. అన్నయ్య చేతులు నలుపుకున్నాడు. ఏదో అడగాలి, ఎలా అడగాలో తెలియడం లేదు. చివరికి చెప్పుల వంక చూస్తూ అడిగాడు: "మొదటిసారి వేసినవి... అవి సరే. అవి వాటాలే అనుకో. కానీ ఇప్పుడు నువ్వే వద్దంటున్నావు కాబట్టి..."

"ఇచ్చేస్తానన్నయ్యా. ఆసుపత్రికి కట్టగా మిగిలిందాంట్లోంచి."

"ఛ, ఇప్పుడెవరు అడిగారు?" అన్నాడు అన్నయ్య. కానీ వద్దనలేదు.

"నాది వద్దక్కా," అంది చెల్లెలు వెంటనే, కళ్లు తుడుచుకుంటూ. తడి బట్టల బుట్ట నడుముకెత్తుకుని గుమ్మందాకా వెళ్లి, అక్కడ ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నా వాటాకి తొందరేం లేదులే," అంది.