గోడ పట్టుకున్నాను

రోగుల లెక్కల్ని డాక్టర్లకు గీతలుగా గీసి చూపించడం అతని ఉద్యోగం. జనం ఇంట్లో రోజూ చూసుకున్న బరువు, బీపీ ఫోన్‌లో ఎక్కిస్తే అవన్నీ ఆసుపత్రి తెర మీద ఒక్క పేజీలో కనబడాలి. ఆ ఒక్క పేజీ కోసం అతను ఏడాదిగా తల బద్దలు కొట్టుకున్నాడు.

మొదట్లో గీత పక్కనే రోగి రాసుకున్న మాటలకూ చోటుండేది. గుండె డాక్టరుగారు అది చూసి మొహం చిట్లించారు. ఒక్కో రోగికి నాలుగే నిమిషాలట, ఈ సోదంతా చదివే తీరిక ఎవరికుందట.

"పైకా, కిందకా? అది చెప్పండి చాలు."

అతను మాటలన్నిటినీ ఒక చిన్న త్రికోణం బొత్తాం వెనక్కి నెట్టేశాడు. బరువు పెరిగితే గీత ఎరుపు, తగ్గితే ఆకుపచ్చ. పేజీ కడిగిన ముత్యంలా ఉందని ఆఫీసంతా మెచ్చుకుంది. ఆ బొత్తాన్ని ఎవరైనా నొక్కుతున్నారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ డాక్టరుగారి దగ్గరే అతని పిన్ని కూడా చూపించుకుంటోంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. గుండె నీరసించి ఒంట్లో నీరు చేరే జబ్బు. నీరు చేరిందంటే ముందు బరువే చెబుతుంది. ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేసిన మనిషి, ఉత్త అంకె ఎక్కించి ఊరుకుంటుందా? ఏదో ఒక వాక్యం రాయకపోతే చెయ్యి ఊరుకోదు. నువ్వేం రాసినా డాక్టరుగారు చూస్తారు పిన్నీ అని మొదటి రోజే మాటిచ్చాడు. త్రికోణం సంగతి తర్వాత చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు, అంతటి పనిమంతుడు మరి.

ఆ నెల ఆవిడ గీత దిగుతూ వచ్చింది. పన్నెండు రోజుల్లో అరవై ఎనిమిది నుంచి అరవై నాలుగు కిలోలకు, పచ్చగా, నున్నగా. నీరు బాగా పోతోందని డాక్టరుగారు నీరు లాగే మాత్ర సగానికి తగ్గించారు. కాళ్ళు బరువెక్కాయిరా అని పిన్ని ఫోన్ చేస్తే, గీత బాగుంది, బెంగపెట్టుకోకు అన్నాడు.

"సరేలే. నీ గీతకు తెలిసినంత నా కాళ్ళకేం తెలుసు," అని నవ్విందావిడ.

మాత్ర తగ్గించిన ఐదో రోజు పొద్దున బాత్‌రూమ్ గుమ్మంలో పడిపోయి ఉంటే పక్కింటావిడ చూసింది. ఆసుపత్రిలో మంచంతో సహా తూచి, మంచం బరువు తీసేస్తే డెబ్బై మూడు. డాక్టరుగారు నమ్మలేకపోయారు. ఇంట్లో తూకం మిషను చెడిపోయి ఉంటుంది, ఒకసారి చూసి రమ్మన్నారు.

మిషను బాత్‌రూమ్ పక్కన గోడకు ఆనుకుని ఉంది. అతను ఎక్కాడు. డెబ్బై ఒకటి. సరిగ్గా తన బరువే. దిగబోతుంటే ఎదురుగా తెల్ల గోడ మీద, ఛాతీ ఎత్తున, రెండు అరచేతుల మేర మట్టిరంగు మరక కనబడింది. అందులో తన చెయ్యి పెట్టి కాస్త ఆనుకున్నాడు. అరవై ఆరు. చెయ్యి తీశాడు. డెబ్బై ఒకటి.

అతను అక్కడే నేల మీద కూర్చుని, ఫోన్‌లో డాక్టర్ల పేజీ తెరిచి, త్రికోణం నొక్కాడు.

'కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకున్నాను.'

'ఇవాళా గోడ పట్టుకున్నాను. బరువు తక్కువ చూపిస్తోంది, నమ్మవద్దు.'

'డాక్టరుగారికి మనవి. రెండు చేతులూ ఆనించాను. ఈ అంకె నాది కాదు.'

గోడ పట్టుకున్న ప్రతిరోజూ రాసింది. ఒక్క అక్షరం తప్పు లేదు.

అతను పరుగున వెనక్కి వచ్చేసరికి పిన్ని మొహం మీద దుప్పటి కప్పేశారు. వరండాలో ఎదురొచ్చిన డాక్టరుగారి చేతిలో ఫోన్ పెట్టాడు. ఆయన నిలబడే మొత్తం చదివారు. ఒక నిమిషం కూడా పట్టలేదు.

"రోజూ రాశారే. నాకెందుకు కనబడలేదు?"

మీరే వద్దన్నారు అనడానికి అతను నోరు తెరిచాడు. అబద్ధమూ కాదు. కానీ తలుపు సందులోంచి దుప్పటి బయటికి వచ్చిన ఆవిడ వాచిన పాదం కనబడుతోంది.

"రాస్తే మీరు చూస్తారని ఆవిడకు నేనే చెప్పానండీ," అన్నాడు. "తర్వాత నేనే దాచేశాను."