గుడ్ అనే మాటకు దేశబహిష్కారం

గుడివాడ బస్టాండుకు కూతవేటు దూరంలో, ఎరువుల దుకాణం మీది మేడగదిలో, మధుసూదనరావు మాస్టారు ఒక సామ్రాజ్యాన్ని ఏలుతున్నారు. లోకం దాన్ని స్పోకెన్ ఇంగ్లిష్ రెండో బ్యాచి అంటుంది. ఓనమాలు దాటి, ధారాళంగా మాట్లాడేంత ఎత్తుకు ఇంకా చేరని ప్రజలు అందులో నివసిస్తారు. ఆ వారం మనుషుల స్వభావాన్ని చెప్పే విశేషణాల పాఠం నడుస్తున్నందున ప్రభువులవారు ఒక శాసనం జారీచేశారు: 'గుడ్', 'నైస్' అనే మాటలకూ, తెలుగులో వాటి దగ్గరి బంధువైన 'మంచి'కీ దేశబహిష్కారం. పలికినవారు లేచి నిలబడి, సరైన విశేషణం ఒకటి చెప్పి, దానికి సాక్ష్యంగా ఒక సంఘటన చెప్పేదాకా కూర్చోరాదు.

వెనక బెంచీలో సత్తిబాబు కాలు ఊపుతున్నాడు. రొయ్యల మేత అమ్మే కంపెనీలో ప్రమోషను కోసం బందరు నుంచి ఈ క్లాసుకు వస్తాడు గాని, ఈ వారం అతని మనసు దివిసీమలో తిరుగుతోంది. కిందటి ఆదివారం నాగాయలంకలో పెళ్ళిచూపులు. గాయత్రి అనే ఆ అమ్మాయి కాఫీ ఇచ్చి, అతని మోకాలి వైపు కాసేపు చూసి, "మీకు కాలు నొప్పాండీ?" అంది. కాదని చెప్పేలోగా పెద్దలు లేచారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికైనా ఆమెనే పెళ్ళాడాలని అతను నిశ్చయించుకున్నాడు.

మధ్యలో వాకబు అనే అగ్నిపరీక్ష ఉంది. పిల్లనిచ్చేవారు ఇరుగుపొరుగునూ, ఆఫీసునూ, ఇస్త్రీ బండినీ విచారించే ఈ ఘట్టంలోనే ఇంతకుముందు అతనికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఎవరూ చెడు చెప్పలేదు. చేటు తెచ్చింది అదే. అడిగినచోటల్లా "మంచివాడండీ" అన్న ఒకే మాట వినబడేసరికి, ఊరంతా కూడబలుక్కుని ఏదో దాస్తోందని వచ్చినవారు బెదిరిపోయారు.

మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడైంది. పంచెకట్టుతో ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలిచాడు.

"నమస్కారమండీ. నాగాయలంక నుంచి వచ్చాను, నన్ను బసవయ్యంటారు. మా మేనకోడలికి సత్తిబాబనే కుర్రాడి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల నాడు నేను ఊళ్ళో లేను, అతన్ని చూళ్ళేదు. ఎలాంటివాడో తమరు చెప్పాలి."

సత్తిబాబు లేచాడు. కూర్చున్నాడు. ముందు బెంచీలోని మెహజబీన్ వీపు వెనక ఒదిగాడు. బందరులో వాళ్ళ వీధిలోనే కుట్టుమిషన్ నడిపే ఆమె వీపు ఆ పనికి ఏ మాత్రమూ చాల్లేదు. మళ్ళీ లేచాడు.

మాస్టారిని కృష్ణాజిల్లా మర్యాద ఆవహించింది. "సత్తిబాబా? మంచివాడండీ!"

"సార్, నిలబడాలి!" అంది మెహజబీన్.

"నిలబడే ఉన్నానుగా తల్లీ."

"అయితే కూర్చోకూడదండీ. మీరు పెట్టిన రూలే. ఇంకో మాట, దానికో సాక్ష్యం."

బసవయ్య దిగాలుగా తలూపాడు. "పొద్దున్నుంచీ బందరంతా తిరిగొస్తున్నానమ్మా. టీకొట్టాయన మంచివాడే అన్నాడు, సైకిల్ షాపాయనా అదే మాట. నాకు భయమేస్తోంది. అబ్బాయికి ఏవన్నా జబ్బాండీ?"

స్వయంగా రాసిన చట్టానికి చిక్కిన చక్రవర్తి నుదురు తుడుచుకున్నారు. పంకా వైపు చూశారు. చివరికి, "రెస్ట్‌లెస్. కుదురుండదండీ," అన్నారు.

సత్తిబాబు మళ్ళీ చతికిలబడ్డాడు. పెళ్ళి వాకబులో ఆ మాట పడటం కన్నా రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు తగలడం నయం.

"సాక్ష్యం?" అన్నాడు బసవయ్య. ఆ రాజ్యపు చట్టం అతనికి అప్పుడే వంటబట్టింది.

"నేను చెప్తాను బాబాయిగారూ," అంది మెహజబీన్. "రైలుగేటు పడితే చాలు, మా బస్సు దిగిపోతాడు. రైలెళ్ళాక నడిచి అవతలికెళ్ళి, మళ్ళీ మా బస్సే ఎక్కుతాడు. ఈలోగా సీటు పోతుంది. రోజూ ఇదే! కానీ మొన్న వానలో మా అమ్మీకి ఆయాసమొస్తే ఒక్క ఆటో దొరకలేదండీ. నేను ఫోను పెట్టేసరికి బండితో వాకిట్లో ఉన్నాడు. కాళ్ళకి రెండు వేరువేరు చెప్పులు."

బసవయ్య అప్పుడు కూర్చున్నాడు. గదంతా తీరిగ్గా కలయజూశాడు.

"నేనొచ్చిన దగ్గర్నుంచీ ఆ వెనకాల లేస్తా కూర్చుంటా ఉన్నాడే, అతనేనా?"

సగం లేచిన సత్తిబాబు సగంలోనే ఆగిపోయాడు. "నాకు కాలు నొప్పేం లేదండీ! ఊరికే అలవాటంతే. ఆవిడకి చెప్పండి," అన్నాడు గబగబా. ఊపిరి తీసుకుని, "ఆవిడ ఎలాంటి మనిషండీ?" అని అడిగాడు.

"మా గాయత్రా? మంచి పిల్ల బాబూ!"

"నిలబడాలి!" అంది తరగతి ఒక్క గొంతుతో.

బసవయ్య బుద్ధిగా లేచి, కండువా సర్దుకుని, చాలాసేపు వెతుక్కున్నాడు. "నిదానమయ్యా. ఎవరితోనూ చెప్పుకోలేనంత. పులిగడ్డ దగ్గర బస్సు చెడిపోతే జనమంతా ఆటోలెక్కి వచ్చేశారు. ఇది కిటికీ పక్కనే కూర్చుని, బాగుచేశాక, దీపాలు పెట్టే వేళకి అదే బస్సులో దిగింది. ఏమే అంటే, టికెట్టు కొన్నాను కదా మావయ్యా అంది." గొంతు తగ్గించాడు. "మేమూ అడిగినోళ్ళకల్లా మంచి పిల్లనే చెప్పుకొస్తున్నాం. వెళ్ళినవాళ్ళు మళ్ళీ కబురెట్టట్లేదు."

మాస్టారు సుద్దముక్క అందుకోబోయి మానుకున్నారు.

"ఆదివారం మీ పెద్దోళ్ళని తీసుకుని రా. దాంతో నువ్వే మాట్లాడుకో," అన్నాడు బసవయ్య. "తొందరేం లేదు, నిదానంగా ఆలోచించి..."

అప్పటికే సత్తిబాబు మెట్లు దిగి, నాగాయలంక బస్సు వేళలు కనుక్కోవడానికి బస్టాండు వైపు దౌడు తీస్తున్నాడు.

"ఇవాళ బుధవారమే అన్నయ్యా!" అని కిటికీలోంచి అరిచింది మెహజబీన్.

బసవయ్య గుమ్మం దాటి కిందికి చూశాడు. మెట్టు మీద తన తోలు చెప్పు ఒకటీ, ఎవరిదో నీలం రబ్బరు చెప్పు ఒకటీ మిగిలి ఉన్నాయి. క్షణం సేపు వాటిని పరిశీలించి, రెండూ తొడుక్కుని మెట్లు దిగాడు.